చలికాలానికి ముందు ఇల్లు ఆరబెట్టుకోవడం ఎలా

కొబ్బరి నూనె సీసాలో పేరుకుందంటే మా ఇంట్లో చలికాలం వచ్చినట్టు లెక్క. 24 డిగ్రీల కిందకు దిగితే చాలు, ఆ నూనె తెల్లగా గడ్డకడుతుంది. గోదావరి డెల్టాలో తెల్లవారుజామున 16, 17 డిగ్రీలు పడితే అదే పెద్ద చలి. లంబసింగి వాళ్లు వింటే నవ్వుకుంటారు. అందుకే మన వైపు చలికాలానికి ఇల్లు సిద్ధం చేయడమంటే అటక మీద దుప్పట్లు దించడం, కిటికీలు మూయడం, అంతే అనుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

నాలుగేళ్ల క్రితం కార్తీకమాసంలో మా ఉత్తరపు గది కిటికీలు బిగించేశాను. సంక్రాంతికి కట్టుకుందామని అమ్మ బీరువాలోంచి పట్టుచీర తీస్తే మడతల వెంట బూడిద రంగు చుక్కలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత గోనెసంచి వాసన. బీరువా జరిపి చూస్తే దాని వెనక గోడ మీద నల్లటి బూజు, సరిగ్గా బీరువా కొలతకు గీసినట్టు, మనిషెత్తున. మన భాషలో సాలెపురుగు కట్టేదీ బూజే, గోడకు పట్టే ఈ నల్ల మచ్చా బూజే. మొదటిది చీపురుతో దులిపితే పోతుంది. రెండోది దులిపితే ఇల్లంతా పరుచుకుంటుంది. అమ్మ ఆ తేడా తెలియక చీపురు తెచ్చింది, నేను తెలియక అందించాను.

అప్పటి నుంచి నేను చలికాలపు పనులను వేరే లెక్కలో చేస్తున్నాను. డెల్టాలో ఈ నాలుగు నెలలు ఇంటిని పాడుచేసేది చెమ్మ. అక్టోబరు, నవంబరు తుపాను వానలకు నానిన పైకప్పు, కింద ఆరని నల్లమట్టి, ఇంటి పక్క నుంచి పోయే పంట బోదె, ఎదురుగా నీళ్లు పెట్టిన దాళ్వా (రబీ వరి) ఆకుమడి, రాత్రంతా కురిసే మంచు, అన్నీ తడే. దాని మీద మనం చలేస్తోందని తలుపులు బిడాయించి ఆ తడిని లోపలే దాచిపెడతాం. కాబట్టి కింద చెప్పే పనులన్నిటికీ ఉద్దేశం ఒకటే: ముందు ఇల్లు ఆరాలి, తరవాతే మూయాలి.

దసరాకు, దీపావళికి మధ్య: పైకప్పు

పని పైనుంచి మొదలుపెట్టండి. డాబా ఇల్లయితే ముందు నీరు పోయే గొట్టాల నోళ్లు చూడండి. మన వైపు ఇంటి మీదికి ఒక కొబ్బరి చెట్టయినా వంగి ఉంటుంది కదా, దాని పూత, పిందెలు, ఎండిన పీచు గొట్టం మూతి దగ్గర చేరి బిరడాలా బిగుసుకుంటాయి. చీపురుతో ఊడిస్తే చెత్త ఇంకా లోపలికి పోతుంది. చేత్తో తీయండి. తరవాత గొట్టంలో ఒక బిందె నీళ్లు పోసి, కింద ఎంత ధారగా పడుతున్నాయో ఇంకొకరిని చూడమనండి. సన్నగా పడుతుంటే లోపల ఇంకా అడ్డు ఉన్నట్టే.

వాన వెలిసిన మర్నాడు మధ్యాహ్నం డాబా ఎక్కండి. ఎక్కడ ఇంకా నీళ్లు నిలిచి ఉన్నాయో ఆ అంచు చుట్టూ ముగ్గుగడ్డతో గీత గీయండి. కిందకు దిగి, అదే చోట లోపలి కప్పుకు కాఫీ మరకలాంటి చారలున్నాయేమో చూడండి. రెండూ కలిసిన చోటే మీ డబ్బు ఖర్చు పెట్టాలి. డాబా మొత్తానికి ఏదో పూత పూయించమని చెప్పేవారు చాలామంది వస్తారు. పల్లం ఉన్నచోట వాలు సరిచేయకుండా ఎంత ఖరీదైన పూత పూసినా నీరు అక్కడే కూర్చుంటుంది. నెర్రెలను ఇనప బ్రష్షుతో గీకి, దుమ్ము కడిగి, ఆరాక, నీరు పట్టని సిమెంటు మిశ్రమం కూరి, వారం రోజులు తడపండి. మబ్బులు కమ్ముకుని ఉన్న రోజు ఈ పని పెట్టుకోకండి.

పెంకుటిల్లయితే కప్పు విప్పి నేయించే పెద్ద పని వేసవిదే, ఇప్పుడు దాని జోలికి పోవద్దు. ఇప్పుడు చేయాల్సింది వెతుకులాట. మిట్ట మధ్యాహ్నం తలుపులు, కిటికీలు అన్నీ మూసి, దీపాలు ఆర్పి, నట్టింట్లో నిలబడి తలెత్తి చూడండి. వెలుతురు చుక్క కనిపించిన ప్రతిచోటా రేపు నీటి చుక్క కనిపిస్తుంది. పిల్లలకు ఈ పని అప్పగిస్తే పెద్దవాళ్ల కంటే బాగా లెక్కపెడతారు. జారిన పెంకును సర్దాలి, పగిలినదాన్ని మార్చాలి. పైకెక్కే మనిషి పెంకుల మీద నేరుగా నడిస్తే ఒకటి మార్చి రెండు పగలగొడతాడు. వాసాల మీద ఆనేటట్టు ఒక పలక వేయించండి. పాత ఇల్లు ఎక్కడైనా విప్పుతుంటే అదే కొలత పెంకులు ఓ పాతిక కొని పెరట్లో పేర్చి పెట్టుకోవడం మంచిది. పాత మంగుళూరు పెంకు కొలత కొత్తదానికి ఎప్పుడూ కుదరదు.

కొబ్బరి దింపుకు వచ్చినవారితోనే ఇంటి వైపు వేలాడే ఎండు మట్టలు కొట్టించేయండి. చెట్టు ఎక్కాక ఎలాగూ పైన ఉంటారు, మళ్లీ రమ్మంటే వారం పడుతుంది. ఇది చెమ్మ కోసం కాదు, గాలి కోసం. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుపానును చూసినవారు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు, కొబ్బరి తోటలు ఎలా పడుకున్నాయో వారినే అడగండి. నవంబరు దాటితే గండం గడిచిందనే ధీమా కూడా వద్దు. 2018లో పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది డిసెంబరు 17న. డాబా మీది ట్యాంకు మూతకు తాడు, వదులు రేకులకు బోల్టులు, కాగితాలకు ప్లాస్టిక్ సంచి, ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్: ఈ నాలుగూ దీపావళి లోపలే చూసుకోండి. తుపాను కన్ను మీ ఊరి మీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అయిపోయిందని బయటికి రావద్దు. కాసేపటికి అదే గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది.

ఇంటి చుట్టూ

గోడ పక్కన నేల బయటికి వాలుగా ఉందో లేదో చూడటానికి పరికరాలేవీ అక్కర్లేదు. గోడ మొదట్లో ఒక బకెట్ నీళ్లు కుమ్మరించండి. నీళ్లు ఇంటి వైపు తిరిగాయంటే మట్టి ఎత్తించాల్సిందే. గోడ నుంచి మూడడుగుల దూరం దాకా బయటికి వాలేలా మట్టి వేసి దిమ్మిస్తే చాలు. గోడకు ఆనించి పెంచిన పూలమొక్కల పాదులు, పేర్చిన ఇటుకలు, చేర్చిన కొబ్బరి డొక్కల కుప్ప అన్నీ దూరం జరపండి. స్నానాల గది నీళ్లు అరటి పాదుకు మళ్లించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మంచిదే, కానీ ఆ అరటి గోడకు ఆరడుగుల దూరంలో ఉండాలి. లేకపోతే చెట్టుతోపాటు గోడా తాగుతుంది.

దోమల సంగతి కూడా ఇక్కడే. కొబ్బరి చిప్పలు, తాగి పారేసిన బొండాలు, పగిలిన పూలకుండీలు, వాడని గాబు, వీటిలో నిలిచిన నీటిలో డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా వారం పది రోజుల్లో ఎదుగుతుంది. అందుకని వారంలో ఒకరోజు పెట్టుకుని అన్నీ బోర్లించండి. బోదకాలు తెచ్చే దోమ వేరు, దానికి మురికి నీరు ఇష్టం. అందుకే సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం మూతికి పాత దోమతెర ముక్క చుట్టి తాడుతో కట్టండి. అయిదు నిమిషాల పని, రూపాయి ఖర్చు లేదు. ఎవరూ చేయరు.

గోడలు: తడి లోపలిదా, బయటిదా?

గోడ చెమ్మగా ఉందంటే దానికి రెండు కారణాలుంటాయి. నేలలోంచో బయటినుంచో గోడలోకి ఎక్కిన తడి ఒకటి. గదిలోని గాలిలో ఉన్న ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరైనది ఇంకొకటి. మందు వేరు కాబట్టి రోగం ముందు తేల్చుకోవాలి. జానెడు వెడల్పున్న పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క తీసుకోండి. గోడను పొడిగుడ్డతో తుడిచి, నాలుగు అంచులా గాలి దూరకుండా టేపుతో అతికించండి. రెండు రోజులాగి చూడండి. చెమట ప్లాస్టిక్‌కు గోడ వైపున పట్టిందంటే తడి గోడలోంచే వస్తోంది. గది వైపున పట్టిందంటే తప్పు గదిలోని గాలిది. మా ఉత్తరపు గదిలో గది వైపునే పట్టింది. గోడ తవ్వించాలని అప్పటికే బేరం కుదుర్చుకున్నవాణ్ని, ఆ ప్లాస్టిక్ ముక్క నా డబ్బు మిగిల్చింది.

గోడలోంచే వస్తుంటే, కింది రెండడుగుల మేర తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే, చుట్టూ నీరు మళ్లించడమే మొదటి వైద్యం. సముద్రం దగ్గరి మండలాల్లో బోరు నీరే ఉప్పన, ఆ నీటితో కట్టిన గోడ ఏటా ఉప్పు కక్కుతూనే ఉంటుంది. ఆ పొడిని బ్రష్షుతో దులిపి బయట పారేయండి. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది.

సంక్రాంతికి రంగులు వేయించడం మన ఆనవాయితీ. నా మాట వినేటట్టయితే చెమ్మ గోడలకు మాత్రం ఇప్పుడు వేయించవద్దు. మా తాపీ మేస్త్రీ ఒకసారి ఆ గోడను గోరుతో గీరి, "చెమ్మ గోడకు రంగు వేయడం జ్వరం ఒంటికి పౌడరు రాసినట్టేనండి" అన్నాడు. ప్లాస్టిక్ రంగులు గోడను ఊపిరాడనివ్వవు, లోపలి తడి రంగును పొక్కులుగా లేపుతుంది. పండగకు గోడ తెల్లగా కనిపించక తప్పదనుకుంటే సున్నం వేయించండి. చవక, లోపలి తడిని బయటికి పోనిస్తుంది, బూజు త్వరగా పట్టదు. రంగుల ముచ్చట వేసవిలో తీర్చుకోవచ్చు.

ఇప్పటికే నల్లబూజు పట్టి ఉంటే పొడిగా గీకకండి. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకుని, కిటికీలు తెరిచి, ముందు సబ్బు నీళ్లతో తడపండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి. తరవాత లీటరు నీటికి ఒక పెద్ద చెంచా, అంటే 15 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరిన నీటిని పట్టించి పావుగంట ఉంచి కడగండి. రంగు గోడ వెలుస్తుంది, అది ముందే తెలుసుకోండి. బ్లీచింగ్ నీటిలో యాసిడ్ గానీ, మరుగుదొడ్డి కడిగే ద్రవం గానీ ఎట్టి పరిస్థితిలోనూ కలపవద్దు. ప్రాణం తీసే వాయువు వస్తుంది.

బీరువా నాలుగు వేళ్లు, కిటికీకి గడియారం

గది గాలిదే తప్పయితే ఖర్చులేని పనులు రెండున్నాయి. బీరువా, మంచం, పుస్తకాల అర, ఏదైనా సరే గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి. ఉత్తరం గోడకు ఆనించి ఉన్నవాటిని మొదట జరపండి, చలికాలంలో ఆ గోడకు ఎండ తగలదు. వెనక గాలి ఆడితే బూజుకు బతుకులేదు.

రెండోది కిటికీలు. చాలామంది పొద్దున్నే లేవగానే కిటికీలు తీస్తారు, స్వచ్ఛమైన గాలి వస్తుందని. డిసెంబరు, జనవరి నెలల్లో ఆరు గంటలకు కాలువ గట్టు మీద పక్క మనిషి కనిపించనంత మంచు ఉంటుంది. ఆ తడిగాలిని పిలిచి లోపల కూర్చోబెట్టినట్టవుతుంది. ఎండ వచ్చి మంచు విడిచాక, తొమ్మిదింటికి తెరవండి. ఎదురెదురు కిటికీలు రెండూ తెరిస్తేనే గాలి నడుస్తుంది. డిసెంబరులో మనకు ఐదున్నరకే పొద్దు గూకుతుంది, అయిదు కొట్టగానే మూయండి. దోమలు లోపలికి వచ్చే వేళ కూడా అదే, కాబట్టి ఒక పనిలో రెండు పనులు. రాత్రి పడుకునే గదిలో మాత్రం పైన గాలిగూడో, కిటికీ రెక్క సందో కొంచెం తెరిచి ఉండాలి. నలుగురు ఊపిరి వదిలే గది పూర్తిగా మూస్తే తెల్లారేసరికి కిటికీ అద్దం చెమర్చి ఉంటుంది. ఆ నీరు మీ ఊపిరిదే.

దక్షిణం కిటికీ గురించి ఒక మాట. వాస్తు పేరుతో దాన్ని ఏడాదంతా మూసిపెట్టేవారు మన ఊళ్లలో సగం మంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. డిసెంబరు మూడో వారంలో మన డెల్టాలో మిట్ట మధ్యాహ్నం కూడా నేలకు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కిటికీ పైఅంచు ఏడడుగుల ఎత్తులో, సన్‌షేడ్ అడుగున్నర ఉన్నా ఎండ గదిలోకి నాలుగడుగులు వస్తుంది. ఇంతకంటే మంచి హీటరు మనకు అవసరం లేదు. వాస్తు పట్టింపు నాకు లేదు, ఉన్నవారు రోజుకు మూడు గంటలు తెరిచి మళ్లీ మూసుకోవచ్చు.

ఉతికిన బట్టలు ఇంట్లో దండెం మీద ఆరేయకండి. బట్టల్లోంచి పోయిన నీళ్లన్నీ గదిలోనే ఉంటాయి.

పరుపులు, బొంతలు

అటక మీద దుప్పట్లు దించగానే కప్పుకోవడం తప్పు. బూరుగు దూది పరుపులు, దిండ్లు, బొంతలు అన్నీ కనీసం మూడు ఎండలు చూడాలి. పది గంటలకు డాబా మీద నేరుగా పరచకుండా మడతమంచం మీదో, చాప మీదో వేయండి. మధ్యాహ్నం ఒకసారి తిరగేసి కర్రతో కొట్టండి. నాలుగు దాటకుండా తీసేయండి. మంచు మొదలయ్యాక తీస్తే పొద్దుటి నుంచి ఎండిందంతా పోతుంది. తీసిన వెంటనే మడతపెట్టి బీరువాలో కుక్కకండి. వేడి చల్లారేవరకు గదిలో విడిగా పరిచి ఉంచాలి.

మన చలికి మందపాటి ఉన్ని రగ్గుల కంటే పాత నూలు చీరల బొంతే సరిపోతుంది. నాలుగైదు చీరలు పొరలుగా వేసి, వేలెడు దూరంలో దారం పోగులు వేసుకుంటూ పోతే ఒకటి తయారవుతుంది. ఉతికితే ఒక్క పూటలో ఆరుతుంది. రగ్గు మూడు రోజులైనా ఆరదు, ఆరేలోపు దానికి వాసన పడుతుంది. మా నాయనమ్మ కుట్టిన బొంత ఒకటి ఇంకా ఉంది. అంచున ఆమె పాత నేత చీర ఎరుపు ఇప్పటికీ వెలవలేదు, లోపలి పొరలు మాత్రం చిల్లులు పడి మెత్తని పీచయ్యాయి. దానికోసం మా పిల్లలు దెబ్బలాడుకుంటారు.

బీరువాలో నాఫ్తలీన్ ఉండలు వేసేవారు పసిపిల్లల బట్టల దగ్గర మాత్రం వేయవద్దు. కొందరు శిశువుల రక్తానికి అది హాని చేస్తుంది. ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి పెట్టండి. పట్టుచీరలను ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి పాత నూలు గుడ్డలో చుట్టి, నెలకోసారి మడత మార్చండి. ఇది మా అమ్మ ఆ సంక్రాంతి తరవాత పెట్టిన నియమం.

వంటిల్లు

కందిపప్పు, మినపప్పు, మిరపకాయలు దీపావళి లోపల ఒక మంచి ఎండ చూపించి, చల్లారాక డబ్బాల్లో పోయండి. ఊరగాయ జాడీల్లో ముక్కల మీద నూనె తేలుతూ ఉందో లేదో చూసి, తగ్గితే కాచి చల్లార్చిన నూనె పోయండి. తడి గరిట పెట్టిన చేయి ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుసు, అడిగినా లాభం లేదు. ఉప్పు సీసాలో నాలుగు బియ్యపు గింజలు వేయండి.

చలికాలంలో పెరుగు తోడుకోదు, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. పాలు వేలు పెడితే హాయిగా తగిలేంత వేడిగా ఉన్నప్పుడు, వేసవిలో వేసేదానికి రెట్టింపు తోడు వేసి, చెంచాతో బాగా కలపండి. గిన్నె మూతపెట్టి బియ్యం డబ్బాలో మెడవరకు పాతిపెట్టండి. బియ్యం వేడిని పట్టి ఉంచుతాయి. పొద్దున తీసి చూస్తే చెంచా పెడితే కత్తి పెట్టినట్టు గాటు పడుతుంది. గిన్నెను కదపకుండా తీయాలి, లేకపోతే ఆ పూట బియ్యం కడగక్కర్లేదు, మజ్జిగలో నానుతాయి. ఇడ్లీ పిండికీ ఇదే చిక్కు. సాయంత్రం ఆరింటికి బదులు మధ్యాహ్నమే రుబ్బి, పొయ్యి పక్కన పెట్టండి.

వేడినీళ్లు

పెరట్లో పొయ్యి మీద రాగి కాగు ఇంకా వాడేవారు అదృష్టవంతులు. కొబ్బరి డొక్కలు, చిప్పలు, ఎండు మట్టలు వానలకు ముందే వసారాలోకి చేర్చుకుంటే ఫిబ్రవరి దాకా నీళ్లు ఉచితంగా కాగుతాయి. తడిసిన డొక్క మండదు, పొగ మాత్రం పదిళ్లకు వస్తుంది.

గీజరు ఉంటే తొమ్మిది నెలలు వాడకుండా ఉన్నదాన్ని నేరుగా వేయవద్దు. ముందు నీళ్లు పట్టి, కుళాయిలోంచి ధారగా వచ్చాకే మీట వేయండి. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి, కరెంటు లీకయితే అది క్షణంలో సరఫరా ఆపేస్తుంది. బోరు నీళ్ల ఇళ్లలో లోపలి కడ్డీకి సున్నం గారలా పేరుకుంటుంది, రెండేళ్లకోసారి విప్పి శుభ్రం చేయించాలి. ఖర్చు విషయానికొస్తే, 25 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.6 యూనిట్ చాలు, 2 కిలోవాట్ల గీజరుకు 20 నిమిషాల పని. రోజంతా వేసి ఉంచేవారు కరెంటు బిల్లును తిట్టుకోవడం అన్యాయం.

బకెట్‌లో పెట్టే హీటరు కడ్డీ విషయంలో నేను మొండివాణ్ని, మా ఇంట్లో వద్దన్నాను. మీరు వాడితే మూడు సంగతులు: ప్లాస్టిక్ బకెట్, కడ్డీ నీళ్లలో మునిగాకే మీట, మీట ఆర్పి ప్లగ్గు పీకాకే నీళ్లలో వేలు. పిల్లలున్న ఇంట్లో మూడోది ఒక్కరోజు మరిచినా చాలు. గ్యాసు గీజరయితే స్నానాల గదిలో గాలిగూడు లేకుండా అసలు వాడవద్దు. గ్యాసు మండినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మనిషికి మగతగా ఉంటుంది, తరవాత ఏమీ తెలియదు.

కోతలయ్యాక వచ్చే చుట్టాలు

సార్వా (ఖరీఫ్ వరి) కోతలు అయ్యేసరికి చేలల్లో ఎలుకలకు తిండి, నీడ రెండూ పోతాయి. అవి ఊళ్లోకి వస్తాయి, వాటి వెనకే పాములూ వస్తాయి. తలుపు కింద సందులో పెన్సిలు దూరితే ఎలుకపిల్ల దూరుతుంది. గడప మీద రబ్బరు పట్టీ కొట్టించండి. గొట్టాలు పోయే కన్నాలకు గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు పూయండి. గుడ్డ, కాగితం కుక్కితే ఎలుక దాన్నే పడకగా వాడుకుంటుంది.

గడ్డివాము ఇంటి గోడకు ఆనించి వేయవద్దు. డొక్కల కుప్పలోకి చీకట్లో చేయి పెట్టవద్దు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారినే ఎక్కువగా కాటేస్తుంది, కాటు నొప్పి కూడా అంతగా తెలియదు. కాబట్టి ఈ నెలల్లో మంచం, దానికి చుట్టూ పరుపు కిందకు దోపిన దోమతెర. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం మాని 108కి ఫోను చేయండి. కాటు పడ్డ కాలో చెయ్యో కదపకుండా ఆసుపత్రికి చేర్చండి.

పెద్దవాళ్లు, బాలింతలు పడుకునే గది

ఇంట్లో ఎండ బాగా వచ్చే గది వీళ్లకు ఇవ్వండి. అతిథుల గది అని ఒక మంచి గదికి తాళం వేసి ఉంచే అలవాటు నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. మంచం పక్కన నేల మీద గోనెపట్టా పరిస్తే అర్ధరాత్రి లేచిన పాదానికి గచ్చు చల్లదనం తగలదు. చెప్పులు, టార్చిలైటు చేతికందేలా ఉండాలి.

కుంపటి సంగతి గట్టిగా చెప్పాలి. బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టి తలుపులు వేయడం ఇంకా కొన్ని ఇళ్లలో జరుగుతోంది. పైన గ్యాసు గీజరు దగ్గర చెప్పిన విషవాయువే బొగ్గుల్లోంచీ వస్తుంది, పొగ లేనంత మాత్రాన లేదనుకోవద్దు. బిడ్డకు సాంబ్రాణి వేయాలంటే తలుపు తెరిచి వేసి, అయిదు నిమిషాల్లో నిప్పు బయట పెట్టేయండి. గది వెచ్చగా కావాలంటే వేడినీళ్లు పోసిన రబ్బరు సంచిని పక్క మీద పావుగంట పెట్టి, బిడ్డను పడుకోబెట్టే ముందు తీసేయండి. దోమల చుట్టలు కూడా మూసిన గదిలో వెలిగించకూడదు.

భోగి నుంచి శివరాత్రి దాకా

భోగి మంటకు పాత సామాను ముందు నుంచే పోగుచేస్తారు. ఆ కుప్పను వసారాలో పెట్టకండి, నెల్లాళ్లలో అందులో తేళ్లు కాపురం పెడతాయి. రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్, టైర్లు మంటలో వేయవద్దు. పిడకల దండ గుచ్చాలంటే ధనుర్మాసం మొదట్లోనే తట్టాలి, మంచు రోజుల్లో గోడ మీది పిడక ఆరడానికి వారం పైనే పడుతుంది.

సంక్రాంతి మూడు రోజులు ఇంటినిండా జనం, స్నానాల ఆవిరి, అరిసెల పాకం ఆవిరి. కనుమ మర్నాడు అందరూ వెళ్లిపోయాక ఒకరోజు తొమ్మిది నుంచి అయిదు దాకా ఇల్లంతా బార్లా తెరిచి పెట్టండి. అప్పుడే బీరువా వెనక చేయి పెట్టి గోడ తడిమి చూడండి.

శివరాత్రి తరవాత బొంతలు ఉతికి, రెండు ఎండలు చూపించి, చల్లార్చి, వేపాకుతో అటకెక్కించండి. అటక పలకలు కూడా తడిమి చూసుకుని మరీ ఎక్కించండి.